మోకాలిలో గుజ్జు చిరిగింది, ఆపరేషన్‌కు ఇంకా 26 రోజులు ఉంది. అంతవరకు ఎలా నెట్టుకురావాలి?

సూదీదారం (చీరాల)

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. మా ఇంటి కింది గదిలో పదహారేళ్లుగా కుట్టు దుకాణం నడుపుతున్నాను. ఇల్లు పైన, దుకాణం కింద, మధ్యలో పద్దెనిమిది మెట్లు.

ఏప్రిల్ నెలాఖరులో ఒక పెళ్లివారి పట్టు జాకెట్లు కత్తిరిస్తున్నాను. నేల మీద చాప పరిచి, గొంతుకూర్చుని కత్తిరించడం నాకు పని నేర్చుకున్న రోజు నుంచీ అలవాటు. బరువంతా కుడి మోకాలి మీద ఉంది. చాపకు అవతలి అంచున ఉన్న టేపు అందుకోవడానికి నడుము తిప్పాను. పాదం ఉన్నచోటే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల టక్కుమంది. గట్టి నేత బట్టను చించేటప్పుడు మొదటి పోగు తెగడం చేతికి తెలుస్తుంది చూడండి, అచ్చం అలాగే తెలిసింది. ఆ రోజు కుంటుతూనే పని చేశాను. తెల్లవారేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది.

దగ్గరలో ఉన్న ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, అరుగుదల మొదలైంది, ఈ వయసులో మామూలే అన్నారు. రెండు నెలలు నొప్పి మాత్రలు మింగాను. కడుపులో మంట మిగిలింది. జూన్‌లో ఒకరోజు తెల్లవారుజామున మంచం దిగబోతే మోకాలు వంగినది వంగినట్లే పట్టేసింది. ఇరవై నిమిషాలు చాపలేకపోయాను. మా అమ్మాయి పక్కన కూర్చుని ఏడ్చింది. అటూ ఇటూ మెల్లగా కదిపితే ఏదో జారినట్లయి వదిలింది. అప్పుడు గుంటూరు వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించుకుంటే ఎంఆర్‌ఐ తీయించారు. లోపలి వైపు మెనిస్కస్ అనే గుజ్జు బకెట్ పిడి ఆకారంలో చిరిగిందట. చిరిగిన ముక్క కీలు మధ్యకు జారినప్పుడల్లా పట్టేస్తుందని బొమ్మ గీసి చూపించారు. గుజ్జు ఎక్స్‌రేలో కనిపించదని కూడా ఆయన చెప్పాకే తెలిసింది.

ఆపరేషన్ తప్పదన్నారు. కానీ నాకు షుగర్ ఉంది. పరగడుపున 192 వచ్చింది. అది అదుపులోకి రాకుండా కోస్తే పుండు మానదు, చీము పట్టే ప్రమాదం ఉంది అన్నారు. అందుకే 26 రోజుల గడువు. ఈలోగా మళ్లీ పట్టేసి వదలకపోతే మాత్రం ఆగకుండా వచ్చేయమన్నారు.

నా అవస్థ ఇది. షుగర్ తగ్గాలంటే నడవాలి. నడిస్తే మోకాలు వాస్తుంది. నడక మానేసినప్పటి నుంచే షుగర్ పెరిగింది. రాత్రి పక్కకు ఒత్తిగిలితే నొప్పికి మెలకువ వస్తుంది. మా ఇంట్లో ఉన్నది నేల మరుగుదొడ్డి, అక్కడ కూర్చుని లేవడం రోజూ ఒక గండం. నాది తొక్కుడు మిషను. శ్రావణ మాసం దగ్గరకొచ్చింది, వరలక్ష్మీ వ్రతానికి ఒప్పుకున్న జాకెట్లు 54 ఉన్నాయి. అడ్వాన్సులు తీసుకున్నాను, వెనక్కి ఇచ్చే పరిస్థితి లేదు. ఇరుగుపొరుగు వారు నూనె పెట్టి గట్టిగా తోమించుకో అని ఒకరు, పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకో అని ఒకరు అంటున్నారు.

ఇలా ఆపరేషన్ ముందు రోజులు గడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు ఏం చేశారో, ఏం చేసి పొరపాటు పడ్డారో చెప్పండి. చిరుగు ఇంకా పెద్దది కాకుండా ఉంటే చాలు నాకు.


వాలీబాల్ మాస్టారు

చెల్లెమ్మా, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. 2019లో పిల్లలకు స్మాష్ నేర్పుతూ ఎగిరి దిగినప్పుడు నాకూ ఇదే చిరిగింది, ఎడమ మోకాలు. ఆపరేషన్‌కు ఏడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు వారాల్లో నేను చేసిన ఒక తప్పు ముందు చెబుతాను, మీరు చేయకండి.

వంచి పెట్టుకుంటే హాయిగా ఉంటుందని రాత్రీ పగలూ మోకాలి కింద దిండు పెట్టుకున్నాను. ఎవరూ వద్దని చెప్పలేదు. నెల తిరిగేసరికి కాలు పూర్తిగా చాపుకోవడం పోయింది. ఆపరేషన్ బాగానే జరిగినా, ఆ వంకర తీయడానికే నాకు రెండు నెలలు పట్టింది. ఏడుపొచ్చేంత నొప్పి. దిండు పెట్టుకోవాలంటే మడమ కింద పెట్టండి, లేదా పక్కకు తిరిగి పడుకున్నప్పుడు రెండు మోకాళ్ల మధ్య పెట్టండి. మధ్యలో దిండు ఉంటే పై కాలు మెలిపడదు, ఒత్తిగిలినప్పుడు పోటు రాదు. నాకు నిద్ర పట్టింది ఆ చిన్న మార్పుతోనే.

మెట్ల గురించి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. రెండు పాదాలూ ఒకే మెట్టు మీదకు వచ్చాకే తరువాతి మెట్టు. మీకు కుడి మోకాలు కాబట్టి చేతికర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల బరువు మళ్లీ ఆ కాలి మీదకే వంగుతుంది. కర్రా కుడి కాలూ కలిసి ముందుకు పడాలి. రెండు రోజులు తికమకగా ఉంటుంది, మూడో రోజుకు అదే వస్తుంది.

మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. నడుమ రంధ్రం ఉన్న ఇనుప కుర్చీ, మందుల దుకాణాల్లో, ఆసుపత్రి సామాను అమ్మేచోట దొరుకుతుంది. నేల దొడ్డి మీదే నిలబెట్టవచ్చు. ఆపరేషన్ తరువాత ఎలాగూ కావాలి, ఇవాళే తెచ్చేసుకోండి. నేను సిగ్గుపడి వాయిదా వేశాను. ఒకసారి లేవబోయి లోపలే పడిపోయాను.

నిలబడిన చోట పాదం అలాగే ఉంచి ఒంటిని తిప్పకండి. వెనక్కి చూడాలంటే చిన్న చిన్న అడుగులు వేసి మొత్తం మనిషి తిరగాలి. మా పిల్లలకు నేను రోజూ చెప్పే మాట ఇది, నా మోకాలే మర్చిపోయింది.


ఫిజియో (విశాఖపట్నం)

అమ్మా, ముందుగా తోముడు విషయం. వాచిన కీలును నూనెతో గట్టిగా తోమితే వాపు పెరుగుతుంది తప్ప లోపలి చిరుగుకు ఒరిగేదేమీ లేదు. కట్టు సంగతి కూడా అంతే. కట్టు అనేది విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి. మీకు ఎముక విరగలేదు. కట్టి కదపకుండా ఉంచితే తొడ కండరం ఇంకా కరిగిపోతుంది.

మీరు దృష్టి పెట్టాల్సింది ఆ కండరం మీదే. మోకాలిలో నీరు చేరితే తొడ ముందు భాగం కండరానికి మెదడు నుంచి అందే ఆదేశం మందగిస్తుంది. నొప్పి లేకపోయినా అది సరిగ్గా బిగుసుకోదు. రెండు మూడు వారాల్లోనే తొడ సన్నబడటం కంటికి తెలుస్తుంది. కావాలంటే మీ టేపుతో చిప్ప పైన జానెడు ఎత్తులో రెండు తొడలూ కొలిచి చూడండి. తేడా ఎంత ఉంటే, ఆపరేషన్ తరువాత కోలుకోవడం అంత ఆలస్యం.

మంచం మీద కాలు చాపుకుని కూర్చోండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదుముతూ తొడ బిగించండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. తరువాత వెల్లకిలా పడుకుని, మంచి కాలు మడిచి, నొప్పి కాలును నిటారుగా అడుగు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఇదీ పదిసార్లు. పాదాన్ని ముందుకూ వెనక్కూ ఆడించడం ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు చేయండి. ఇవన్నీ రోజుకు మూడు పూటలా. మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం నొప్పి రానంత వరకే. చాపేటప్పుడు లోపల ఏదో అడ్డం పడినట్లు ఆగితే బలవంతంగా నొక్కి చాపకండి. జారిన ముక్క నలుగుతుంది. గుంజీల వంటివి, గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం పూర్తిగా మానాలి. (తువ్వాలు వ్యాయామం అయ్యాక తీసేయాలి. అది దిండుగా మారకూడదు. మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.)

మంచు గడ్డలు బట్టలో చుట్టి పావుగంట పెట్టండి, రోజుకు మూడు నాలుగుసార్లు, ముఖ్యంగా పని ముగిశాక. షుగర్ ఉన్నవాళ్లకు చర్మం స్పర్శ తగ్గి ఉండవచ్చు. అందుకని మధ్యలో తీసి చర్మం రంగు చూసుకోండి. మంచు పెట్టాక పడుకుని మడమ కింద దిండ్లు పెట్టి కాలు గుండె కంటే ఎత్తులో ఉంచితే వాపు దిగుతుంది.

షుగర్ చిక్కుముడి గురించి. నడక ఒక్కటే వ్యాయామం కాదు. కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని భుజాల పైకి ఎత్తి దించండి, పక్కలకు చాపండి. భోజనం అయిన కాసేపటికి పదిహేను నిమిషాలు, మూడు పూటలా. చేతుల కండరాలూ చక్కెరను వాడుకుంటాయి. మందుల మోతాదు మాత్రం డాక్టరుతోనే మాట్లాడండి.

ఇంకో మాట. ఎవరైనా మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తాం, నొప్పి పోతుంది అంటే, మీ సర్జన్‌ను అడగకుండా ఒప్పుకోకండి. అది షుగర్‌ను పెంచుతుంది. పైగా ఆపరేషన్‌కు దగ్గరలో వేయించుకుంటే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి మాత్రలు కూడా అలవాటుగా కొని మింగకండి, మూత్రపిండాలకు మంచిది కాదు.

మోకాలు పట్టేసి వదలకపోయినా, ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుట్టినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకండి.


ఓరుగల్లు వాసి

అక్కా, ఆపరేషన్ నిజంగా కావాలా అని ఇంకొక డాక్టరును అడిగారా? మా అమ్మకు 58 ఏళ్లు. ఎంఆర్‌ఐలో మెనిస్కస్ చిరిగిందని వస్తే ఆపరేషన్ అన్నారు. రెండో డాక్టరు మూడు నెలలు వ్యాయామం చేయించి చూద్దామన్నారు. ఇప్పుడు మామూలుగా నడుస్తోంది, కోతా లేదు కుట్టూ లేదు. ఫిన్లాండులో 146 మందిని రెండు వర్గాలుగా చేసి, కొందరికి నిజంగా చిరిగిన గుజ్జు కత్తిరించి, కొందరికి కత్తిరించకుండా ఉత్తుత్తి ఆపరేషన్ చేసి ఏడాది తరువాత చూస్తే ఇద్దరికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గిందట. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. తొందరపడకండి.


ఫిజియో (విశాఖపట్నం)

మీ అమ్మగారి విషయంలో రెండో డాక్టరు సరిగ్గా చెప్పారు. ఫిన్లాండు అధ్యయనం కూడా నిజమే. కానీ అది వయసుతో గుజ్జు పలచబడి వచ్చిన చిరుగుల గురించి. దెబ్బ తగిలి చిరిగినవాళ్లను, మోకాలు పట్టేసేవాళ్లను అందులోకి తీసుకోలేదు. ఈమెకు ఒక ముక్క విడిపోయి కీలు మధ్యకు జారుతోంది. దాన్ని వ్యాయామం వెనక్కి పంపలేదు. అలాగే వదిలేస్తే జారిన ప్రతిసారీ ఎముక మీది నున్నటి పొర గీసుకుపోతుంది. రెండో అభిప్రాయం తీసుకోవడం ఎప్పుడూ మంచిదే, కానీ ఆ పేరుతో నెలలు గడపకూడదు.


సూదీదారం (చీరాల)

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పన్నెండు రోజులైంది. ఏం చేశానో రాస్తాను, నాలాంటి వాళ్లు ఎవరైనా చదివితే పనికొస్తుంది.

కమోడ్ కుర్చీ ఆ సాయంత్రమే తెప్పించాను. అంతకు ముందు ఆ బాధకు భయపడి నీళ్లు తాగడం కూడా తగ్గించేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తొడలు కొలిచాను. ఎడమది 47 సెంటీమీటర్లు, కుడిది 44. పదహారేళ్లుగా ఊళ్లో అందరి కొలతలూ తీశాను, నా ఒంటికి టేపు పెట్టుకున్నది ఎప్పుడో గుర్తులేదు. మూడు సెంటీమీటర్లంటే ఒక జాకెట్టు చేతి చుట్టుకొలతలో ఎంత తేడానో నాకు తెలుసు. ఆ అంకె చూశాక వ్యాయామం ఒక్క పూట కూడా మానలేదు.

నేల మీద కత్తిరించడం మానేశాను. పాత తలుపు రెక్క ఒకటి ఉంటే, రెండు బల్లల మీద వేసి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి నా నడుము ఎత్తుకు లేపించాను. దాని చుట్టూ తిరుగుతూ కత్తిరిస్తున్నాను. మొదటి రోజు గీత వంకర పోయింది. నేల మీద మోకాలితో బట్టను అదిమి పెట్టే అలవాటు, ఇక్కడ బట్ట జారిపోతోంది. ఇస్త్రీ పెట్టె ఒక మూల, ఇసుక నింపిన డబ్బా ఒక మూల బరువు పెట్టాక కుదురుకుంది.

మిషనుకు మోటారు పెట్టించాను. దాని పెడల్ అందరూ కుడి కాలితో నొక్కుతారు, నేను ఎడమ పక్కకు మార్పించుకున్నాను. కుడి కాలు చిన్న పీట మీద చాపి పెడుతున్నాను. ఎడమ కాలికి అదుపు రావడానికి నాలుగు రోజులు పట్టింది. పాత గుడ్డపీలికల మీద నిలువు కుట్లు వేస్తూ, పని నేర్చుకునే పిల్లలా కూర్చున్నాను. ఇప్పుడు మెడ చుట్టు పైపింగ్ కూడా ఎడమ కాలితోనే వేస్తున్నాను. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయమని మా అమ్మాయి ఫోనులో గంట పెట్టింది.

ఉదయం ఒకసారి దిగి రాత్రి ఒక్కసారే ఎక్కుతున్నాను. మధ్యాహ్నం భోజనం కిందికే వస్తోంది. ఆరుసార్లు ఎక్కి దిగేదాన్ని, అందులో నాలుగు అవసరం లేనివే అనిపిస్తోంది.

నిన్న పరగడుపున షుగర్ 151. అన్నం తగ్గించాను, మందు కూడా డాక్టరు మార్చారు, సీసాలు ఎత్తడం వల్ల కూడా తగ్గిందని నా నమ్మకం. ఒక్కసారే పట్టేసింది, మరుగుదొడ్డి గడప దాటేటప్పుడు కాలు మెలిక పడి. భయపడకుండా కూర్చుని, కాలు వదులుగా వేలాడదీసి మెల్లగా ఊపితే అయిదు నిమిషాల్లో వదిలింది.

ఇప్పుడు నా మనసులో ఉన్నది వేరు. సర్జన్ అన్నారు, చిరుగు అంచు దగ్గర ఉంటే కుడతాం, లోపలి వైపు ఉంటే కత్తిరించి తీసేస్తాం, గొట్టం పెట్టి చూశాకే చెప్పగలం అని. కుట్టాలనే నా కోరిక. చిరిగిందని బట్ట పారేసేదాన్ని కాదు నేను. కానీ కుడితే ఎన్ని రోజులు మిషను ఎక్కకూడదు?


వాలీబాల్ మాస్టారు

చెల్లెమ్మా, నాకు కుట్టారు. గుజ్జుకు బయటి అంచునే రక్తం అందుతుంది, అక్కడ కుడితేనే అతుక్కుంటుందని నాకు చెప్పారు. లోపలి వైపుకు రక్తం రాదు కాబట్టి కుట్టినా నిలవదు, అక్కడ చిరిగిన మేరకే కత్తిరిస్తారు. కత్తిరించినవాళ్లు కొద్ది రోజుల్లోనే నడుస్తారు. నాకు ఆరు వారాలు చంక కర్రలు, కాలికి పొడవాటి పట్టీ, 90 డిగ్రీలకు మించి వంచవద్దన్నారు. పరుగెత్తడానికి ఆరు నెలలు పట్టింది. మళ్లీ అడిగినా కుట్టడమే కోరుకుంటాను. మిగిలిన గుజ్జు ఎంత ఎక్కువ ఉంటే ముసలితనంలో మోకాలికి అంత ఆసరా.

మీరు ఆరు వారాలకు సిద్ధపడి ఏర్పాట్లు చేసుకోండి. తక్కువలో తేలితే సంతోషమే. మంచం కిందికి దింపించుకోండి, దుకాణంలోనే ఒక మూల వేయించండి. చంక కర్రలతో నడవడం ఇప్పుడే, మోకాలు కాస్త బాగున్నప్పుడే అలవాటు చేసుకోండి. ఆపరేషన్ అయ్యాక మత్తు కళ్లతో నేర్చుకోవడం కష్టం. ఖర్చు విషయంలో, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్ర ఆసుపత్రిలో ఉంటే, ఆ పథకం మీ కార్డుకు వర్తిస్తుందేమో ముందే అడగండి.


సూదీదారం (చీరాల)

రేపు పొద్దున గుంటూరు ప్రయాణం, ఎల్లుండి ఆపరేషన్. పరగడుపున షుగర్ 128. మత్తు డాక్టరు చూసి సరేనన్నారు, ఆ రోజు పొద్దున షుగర్ మాత్ర వేసుకోవద్దన్నారు.

కుడి తొడ 45 దాటింది. టేపు గట్టిగా లాగలేదు, రెండుసార్లు కొలిచాను.

54 జాకెట్లలో 41 ఇచ్చేశాను. ఎనిమిదింటికి హుక్కులు, కాజాలు మిగిలాయి, అవి మా అమ్మాయి కుడుతుంది. మిగతా అయిదుగురి ఇళ్లకు ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను. ఇద్దరు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. ముగ్గురు దసరాకి ఇవ్వమ్మా, ముందు కాలు చూసుకో అన్నారు. అందులో ఒకామె ఏప్రిల్‌లో నేను కత్తిరిస్తూ ఉండగా ఇలా అయిన ఆ పెళ్లివారింటి పెద్దమ్మే.

మంచం కిందికి దింపించాను. పడుకుంటే తలుపు రెక్క బల్ల, దాని పక్కన మిషను కనిపిస్తాయి. చంక కర్రలకు చంక దగ్గర ఉండే రబ్బరు గట్టిగా ఉంటే, మిగిలిన లైనింగు గుడ్డతో దూది పెట్టి రెండు తొడుగులు కుట్టుకున్నాను. కుట్టారో కత్తిరించారో వచ్చాక రాస్తాను.